ఇంజన్ ఎవరిది? తెచ్చుకున్నదానికి పేరు చెప్పడం గురించి



ఈమధ్య ఫస్టియర్ తమ్ముళ్లు ఒక మాట పదేపదే అడుగుతున్నారు. "నెట్‌లో ఫ్రీగా దొరికే కోడ్ తీసుకుని ప్రాజెక్టు చేస్తే అది మనదేనా, కాపీ అంటారా?" అని. ఒక్క ముక్కలో తేలే జవాబు కాదిది. మేము ఏడాదిగా ఈ ప్రశ్నతోనే కాపురం చేస్తున్నాం. అందుకే పొడుగ్గా రాస్తున్నాం. కాస్త ఓపిక చేసుకుని చదవండి.

మేమంటే ముగ్గురం. ఇద్దరం అబ్బాయిలం, ఒక చెల్లి. ముగ్గురిదీ బిట్రగుంట, రైలు కట్టకి అవతల ఉన్న యానాది కాలనీ. మూడు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్లం మేమే. వారమంతా హాస్టళ్లలో ఉంటాం, శనివారం పాసింజరు పట్టుకుని ఇంటికొస్తాం. ముగ్గురికీ కలిపి ఒక్కటే లాప్‌టాప్, అదీ సెకండ్ హ్యాండ్.

బిట్రగుంట అంటేనే ఇంజన్ల ఊరు. ఆవిరి బండ్ల కాలంలో ఇక్కడ పెద్ద లోకోషెడ్ ఉండేది. అందుకే మేము ప్రాజెక్టుగా "చెస్ ఇంజన్" చేస్తున్నామని ఇంట్లో చెప్తే, అమ్మ "రైలింజనా, మీరా?" అనింది. కాదమ్మా, చదరంగం ఆడే ప్రోగ్రామ్ అని చెప్పాం. "దానికి ఇంజనెందుకు?" అనింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే మాకు ఒక సాయంత్రం పట్టింది.

మీలో కూడా కొందరికి కొత్త కాబట్టి చెప్తాం. చెస్ ఇంజన్‌లో మూడు ముఖ్యమైన పనులుంటాయి. ఒకటి, ఈ బోర్డు మీద ఏయే ఎత్తులు వేయొచ్చో అన్నీ తీయడం. రెండు, ఒక్కో ఎత్తు వేస్తే ఎదుటివాడు ఏం వేస్తాడు, దానికి మనమేం వేస్తాం అని ముందుకి ముందుకి వెతకడం. మూడు, ఆ చివర్లో ఎవరి పరిస్థితి బాగుందో లెక్కకట్టి ఒక నంబరు ఇవ్వడం. ఈ చట్రం కొత్తది కాదు. 1950లోనే క్లాడ్ షానన్ అనే ఆయన తన వ్యాసంలో ఇట్టాగే గీసి పెట్టాడు.

మా ఇంజన్‌కి "ఊత" అని పేరు పెట్టుకున్నాం. చేపలు పట్టే ఊత మీకు తెలిసిందే. కింద వెడల్పు, పైన ఇరుకు. మా ఇంజన్ కూడా అంతే, బోలెడు ఎత్తుల మీద పడి చివరికి ఒక్కదాన్ని చేతితో పట్టుకోవాలి. బోలెడు అంటే ఎంతో చూడండి. ఆట మొదట్లో తెల్లకి 20 ఎత్తులు. ఇద్దరూ ఒక్కో ఎత్తు వేస్తే 400 రకాలు. మూడు ఎత్తులకి 8,902. నాలుగుకి 1,97,281. అయిదుకి 48,65,609. ఈ అంకెలు లోకంలో ఇంజన్ రాసే ప్రతివాడికీ తెలుసు. మన ప్రోగ్రామ్ లెక్కపెట్టిన అంకె దీంతో ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో నియమం సరిగ్గా పడలేదని అర్థం. మా తెరమీద 48,65,609 కనపడిన రాత్రి హాస్టల్ వార్డెన్ వచ్చి లైటు తీసేదాకా అరుస్తానే ఉన్నాం.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఊతలో మాది ఎంత?

వెతికే పద్ధతి ఆల్ఫా-బీటా. అది మా పుట్టుకకి ఎన్నో ఏళ్ల ముందు కనిపెట్టింది. ఒక దారిలో ఎదుటివాడికి గట్టి జవాబు ఒక్కటి దొరికితే చాలు, ఆ దారిలో మిగతావి చూడక్కర్లేదని దాని సారం. చూసిన బోర్డునే మళ్లీ చూడకుండా గుర్తుపెట్టుకునే పద్ధతి ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1970లో రాసింది. బంటుకి 100, గుర్రానికి 320, శకటుకి 330, ఏనుగుకి 500, మంత్రికి 900 అనే విలువలు, గుర్రం అంచున ఉంటే ఎంత తగ్గించాలి అనే పట్టికలు టొమాష్ మిహ్నియెవ్‌స్కీ అనే ఆయన అందరికీ ఇచ్చినవి. తెరమీద కనపడే బోర్డు చెస్‌బోర్డ్ జేఎస్ అనే ఉచిత కోడ్. ఇక మేము రాసింది? ఎత్తులు తీసే భాగం మొత్తం, వెతికే భాగం మొత్తం, తెలుగులో మాట్లాడే భాగం మొత్తం. ఆలోచనలు తెచ్చుకున్నవి, చాలా వరకు లైన్లు మావి, కొన్ని లైన్లు తెచ్చుకున్నవి.

మాలో ఒకరి తాత ఆ పాత లోకోషెడ్‌లో బొగ్గు మోశాడు. ఆయన చెప్పిన సంగతొకటి ఉంది. ఒక ఇంజన్‌కి ఏదన్నా భాగం కావాల్సొస్తే, పక్కన పడున్న ఇంజన్ నుంచి విప్పి బిగించేవాళ్లంట. విప్పినదాని మీద అది ఏ నంబరు బండిదో సుద్దముక్కతో రాసేవాళ్లంట. "ఎందుకు తాతా, పని జరిగితే చాలు గదా?" అన్నాం. "రేపు అది పట్టు తప్పితే యాడ చూడాలో తెలియాల గదా అబ్బయ్యా. ఇంకోటి, ఆ పడున్న బండి మళ్లీ లేసి నడవాలంటే దాని సొమ్ము యాడుండాదో తెలియాల" అన్నాడు.

ఓపెన్ సోర్స్ లైసెన్సులన్నిటి సారం ఆ సుద్దముక్క రాతలో ఉందని మాకనిపిస్తుంది. తీసుకో, బిగించుకో, బండి నడుపుకో. నంబరు మాత్రం చెరపొద్దు.

చెస్ ఇంజన్ల లోకంలో ఆ నంబరు గొడవ చాలా పెద్దది. రెండు కథలు చెప్తాం.

2005లో ఫ్రాన్స్‌కి చెందిన ఫాబియన్ లెటూజే "ఫ్రూట్" అనే ఇంజన్ కోడ్‌ని జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ విడుదల చేశాడు. శుభ్రమైన కోడ్, చిన్నది, బలమైనది. అదే ఏడాది ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీలో ఫ్రూట్ రెండో స్థానంలో నిలిచింది. ఆ వెంటనే వసిక్ రాజ్లిచ్ రాసిన "రిబ్కా" వచ్చి అందర్నీ దాటేసింది. 2007 నుంచి 2010 వరకు వరసగా నాలుగుసార్లు ప్రపంచ టైటిల్ దానిదే. కానీ 2011లో పోటీలు నడిపే ఐసీజీఏ సంస్థ విచారణ చేసి, రిబ్కాలో ఫ్రూట్ నుంచీ, అంతకుముందు వెర్షన్లలో క్రాఫ్టీ అనే ఇంజన్ నుంచీ తీసుకున్న పని ఉందనీ, అది చెప్పకుండా సొంతమని పోటీకి దిగారనీ తేల్చింది. టైటిళ్లు వెనక్కి తీసుకుంది, ఆయన్ని జీవితకాలం నిషేధించింది. ఫ్రూట్ నుంచి ఆలోచనలు తీసుకున్నానుగానీ కోడ్ కాపీ కొట్టలేదని రాజ్లిచ్ వాదన. ప్రోగ్రామర్లు రెండుగా చీలిపోయారు. జీవితకాల నిషేధం న్యాయం కాదని 2015లో ఫిడే నీతి కమిషన్ కూడా అనింది.

ఈ కథలో మాకు పట్టుకున్నది ఒకటే. గొడవ "ఎందుకు తీసుకున్నావు" అని కాదు, "ఎందుకు చెప్పలేదు" అని. ఫ్రూట్‌ని ఇచ్చిందే తీసుకోమని. క్రాఫ్టీ సంగతి వేరే. దాని కోడ్ చూసి నేర్చుకోవచ్చు, కానీ దాన్నే తెచ్చి నీదని పోటీకి దిగొద్దు. తలుపు తీసుందని చూసి, ఇంట్లో సామాను మనదే అనుకోకూడదు. ఏ ఇంటి షరతు ఆ ఇంటిదే.

రెండో కథ స్టాక్‌ఫిష్‌ది. ఇవాళ లోకంలో అందరికంటే బలమైన ఇంజన్ల వరసలో అది ముందుంటుంది. దాని పుట్టుక చూడండి. నార్వేకి చెందిన టోర్డ్ రోమ్‌స్టాడ్ "గ్లౌరంగ్" అనే ఇంజన్ రాసి కోడ్ తెరిచిపెట్టాడు. 2008లో ఇటలీకి చెందిన మార్కో కొస్టాల్బా ఆ కోడ్ తీసుకుని, మార్చి, స్టాక్‌ఫిష్ అని కొత్త పేరు పెట్టాడు. నార్వే ఎండుచేపని ఇటలీలో వండినట్టు అని ఆ పేరు. చేపల పేరు పెట్టడంలో మేమొక్కళ్లమే కాదు. రోమ్‌స్టాడ్‌కి కోపం రాలేదు, ఆయనా వచ్చి అందులో కలిశాడు. ఆ తర్వాత జపాన్‌లో యూ నాసు అనే ఆయన షోగి అనే వాళ్ల ఆట కోసం 2018లో కనిపెట్టిన న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతిని 2020లో స్టాక్‌ఫిష్‌లో కలిపారు. నార్వే, ఇటలీ, జపాన్, ఇంకా ఎక్కడెక్కడివాళ్లో. ఎవరి పేరూ చెరపలేదు. ఆథర్స్ అనే ఫైల్ తెరిస్తే పేర్ల వరస కనపడుద్ది.

2021లో చెస్‌బేస్ అనే పెద్ద కంపెనీ "ఫ్యాట్ ఫ్రిట్జ్ 2" అని ఒక ఇంజన్‌ని దాదాపు 100 యూరోలకి అమ్మకానికి పెట్టింది. లోపలున్నది చాలా వరకు స్టాక్‌ఫిష్ కోడే, నెట్‌వర్క్ మాత్రం వాళ్లు తయారుచేసుకున్నది. జీపీఎల్ ప్రకారం అమ్ముకోవడం తప్పు కాదు. తీసుకున్నానని స్పష్టంగా చెప్పాలి, కొన్నవాళ్లకి కోడ్ ఇవ్వాలి, వాళ్లకీ అదే స్వేచ్ఛ ఉందని తెలియజేయాలి. అది జరగలేదని స్టాక్‌ఫిష్ వాళ్లు జర్మనీలో కోర్టుకెళ్లారు. 2022 నవంబరులో రాజీ కుదిరింది. కంపెనీ ఆ ఇంజన్ అమ్మకం ఆపడానికీ, లైసెన్సు షరతులు పాటించడానికీ ఒప్పుకుంది. జీతం లేకుండా రాత్రిళ్లు కోడ్ రాసుకునేవాళ్లు ఒక కంపెనీని దారికి తెచ్చారు. వాళ్ల చేతిలో ఉన్నది ఆ లైసెన్సు కాగితమే.

మా రూములో దీనిమీద పెద్ద వాదనే నడిచింది. ఒక సీనియర్ అన్న వచ్చి, "ఎందుకురా ఈ తిప్పలు? స్టాక్‌ఫిష్ దించుకోండి, పైపైన పేర్లు మార్చండి. కాలేజీలో మీ ఇంజన్ని ఓడించేవాడు ఉండడు" అన్నాడు. ఆ దారి మేము పట్టలేదు. కానీ ఆయన వేసిన రెండో ప్రశ్న మాత్రం మమ్మల్ని నిజంగా కుదిపింది. "సరే, మీరే రాశారనుకుందాం. ఆ పేర్ల లిస్టు ఎందుకు పెడతారు? మనవాళ్లంటే ముందే కాపీ, కోటా అంటారు. మీ చేత్తో మీరే సాక్ష్యం రాసిస్తారా?"

ఈ మాట బయటి పిల్లలకి అర్థం కాదు. మనకి అర్థమవుతుంది. ఇంజనీరు కొడుకు ప్రాజెక్టు బాగా చేస్తే తెలివైనోడంటారు. మన పిల్ల బాగా చేస్తే ఎవరు చేసిచ్చారని అడుగుతారు. అట్టాంటప్పుడు "ఇది ఫలానావాళ్ల దగ్గర తెచ్చుకున్నాం" అని మనంతట మనమే రాసుకోవడానికి గుండె కావాలి. ఆ రాత్రి మాలో ఒకరు అటు, ఒకరు ఇటు. చెల్లి ఫోన్లో వింటా కూర్చుంది. చివర్లో ఆమె ఒక మాట అనింది. "మా జేజి చెప్పిన ఆకు మందులు ఒకాయన వచ్చి పుస్తకంలో రాసుకుపోయాడు. ఆకు పేరు ఎక్కిందంట, జేజి పేరు ఎక్కలేదంట. మనం కూడా అదే చేద్దామా?"

వాదన అక్కడితో అయిపోయింది.

ఆలోచించండి. శ్రీహరికోట అనగానే అందరికీ రాకెట్ గుర్తొస్తుంది. అక్కడి అడవిలో బతికి, రాకెట్ కేంద్రం కోసం చోటు ఖాళీ చేసిన మన యానాదులు ఎంతమందికి గుర్తొస్తారు? పేరు చెరిగిపోతే ఎట్టుంటుందో మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

పేరు చెప్తే ఏం జరుగుద్దో కూడా ఒక ఉదాహరణ ఉంది. 1987లో కేరళ అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలు తిరుగుతున్నప్పుడు, దారి చూపిస్తున్న కాణి తెగ వాళ్లు ఏవో చిన్న కాయలు తింటా అలుపు లేకుండా నడుస్తున్నారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. రహస్యం చెప్పడానికి వాళ్లు మొదట ఇష్టపడలేదు. తర్వాత దాన్నుంచి "జీవని" అనే మందు తయారైంది. తయారీ హక్కు ఒక కంపెనీకి ఇచ్చినప్పుడు వచ్చే డబ్బులో సగం కాణి వాళ్లకి ఇవ్వాలని ఆ పరిశోధన సంస్థ నిర్ణయించింది. 1997లో వాళ్ల పేరున ట్రస్టు ఏర్పడింది. 2002లో మన దేశం జీవవైవిధ్య చట్టం చేసి, తెలిసినవాళ్లకి వాటా ఇవ్వాలనే నియమం పెట్టింది. అడవి జ్ఞానానికి కూడా ఒక లైసెన్సు ఉండాలనే ఆలోచన అది.

కాబట్టి మేము లిస్టు పెట్టాం. మొదటి పేజీలోనే. ఎడమపక్క తెచ్చుకున్నవి, ఎవరి దగ్గర, ఏ లైసెన్సు. కుడిపక్క మేము రాసినవి, ఎవరు ఏ భాగం.

వైవా రోజు మా ముందు వెళ్లిన టీములని "మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అని అడిగారు. మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న "యాడ నుంచి డౌన్‌లోడ్ చేశారు?" ఆ మాట మమ్మల్ని గుచ్చలేదని చెప్పం. అయితే మా దగ్గర జవాబు ఉంది. మొదటి పేజీ తీసి ముందు పెట్టాం. "ఇవి తెచ్చుకున్నవి సార్, ఇవి మేము రాసినవి. కుడిపక్క ఏ లైను అయినా అడగండి" అన్నాం. బంటు పక్కనుంచి దాటిపోయిన బంటుని చంపే నియమం ఉంది కదా, ఆ కోడ్ చూపించి అడిగారు. చెల్లి పది నిమిషాలు చెప్పింది. 64 గళ్ల చుట్టూ కంచెలాగా అదనపు గళ్లు పెట్టి 120 ఎందుకు చేశామో, గుర్రం బోర్డు దాటి పోకుండా ఆ కంచె ఎట్లా ఆపుద్దో బొమ్మ గీసి చూపించింది. డౌన్‌లోడ్ అన్న మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తర్వాతి ప్రశ్న మాత్రం మా కోడ్ గురించి వచ్చింది. మిగతావాళ్లకి వచ్చినట్టే మార్కులొచ్చాయి. దానికే చాలా సంతోషం, ఎందుకంటే మిగతావాళ్లతో సమానం కావడమే గదా మనం అడిగేది.

ఆ లిస్టు లేకపోతే? కుడిపక్క లేదు, ఎడమపక్క లేదు. అంతా కలగాపులగం. అప్పుడు వాళ్ల అనుమానం మొత్తం ప్రాజెక్టు మీద పడేది, మేము రాసిన లైన్లతో సహా. తెచ్చుకున్నదాని పేరు చెప్పడం వల్లే మాది మాకు మిగిలింది. పేరు చెప్తే మనకేం మిగులుద్ది అని భయపడేవాళ్లకి మా జవాబు ఇదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అరువు లేకుండా ఎవరూ చదరంగం ఆడరు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటాడు. వాళ్లు వేసే మొదటి ఎత్తుల్లో చాలావాటికి వందల ఏళ్ల వయసుంది. అది కాపీ అని ఎవరన్నా అంటారా? ఆ పాత దారిలో నడిచి, దారి అయిపోయిన చోట వాళ్లు వేసే ఎత్తు వాళ్లది. ఇంట్లో చదువుకున్న నాన్న, ట్యూషన్, ఇంగ్లీషు పుస్తకాలు, ఇవన్నీ కూడా అరువే. అవి వారసత్వంగా వస్తాయి కాబట్టి ఎవరూ లిస్టు అడగరు. మన ఇళ్లలో ఆ వారసత్వం లేదు. ఓపెన్ సోర్స్ కోడే మనకి తాత ఆస్తి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

మన అన్నదమ్ముల విషయమే చూడండి. ఆదిలాబాద్ గుంజాలలో బయటపడిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ లిపికి ఇవాళ నోటో ఫాంటు ఉచితంగా, ఓపెన్ లైసెన్సుతో దొరుకుతుంది. ఎవరో రాసి తెరిచిపెట్టిన పనిని వాడుకుని మనవాళ్లు మన లిపిలో రాసుకోవచ్చు.

ఇక ఫస్టియర్ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి పనికొచ్చే నాలుగు మాటలు.

ఆలోచన వేరు, కోడ్ వేరు. ఆల్ఫా-బీటా అనే ఆలోచన అందరిదీ. ఎవరో రాసిన లైన్లు వాళ్లవి. మన కాపీరైట్ చట్టం ప్రోగ్రామ్‌ని సాహిత్య రచన కింద లెక్కేస్తుంది.

కోడ్ దించుకునే ముందు లైసెన్స్ అనే ఫైల్ చదవండి. ఎంఐటీ అని ఉంటే, వాళ్ల పేరూ ఆ లైసెన్సు కాగితమూ ఉంచి ఏమైనా చేసుకోవచ్చు. జీపీఎల్ అని ఉంటే, దాన్ని కలిపి మీరు చేసింది ఎవరికైనా ఇచ్చినప్పుడు మీ కోడ్ కూడా అదే షరతుతో ఇవ్వాలి. అసలు లైసెన్సే లేకపోతే తీసుకునే హక్కు లేదని అర్థం, రాసినవాళ్లని అడగండి.

తెచ్చుకున్న రోజే పేరు రాసిపెట్టండి. ఏఐ రాసిచ్చిన లైన్లకీ ఇదే పద్ధతి. తర్వాత రాద్దాం అనుకుంటే సుద్దముక్క దొరకదు.

చివరిది, అన్నిటికంటే పెద్దది. వివరించలేని లైను మీ ప్రాజెక్టులో ఒక్కటి కూడా ఉంచొద్దు. దాచుకునేది లేనప్పుడే గొంతు వణకదు.

ఊత ఇంకా చిన్నదే. స్టాక్‌ఫిష్‌తో ఆడిస్తే చిత్తుగా ఓడిపోతుంది. కానీ మా కాలనీ పిల్లలతో ఆదివారాలు తెలుగులో మాట్లాడతా ఆడుతుంది. "నీ ఏనుగు పోతాది, చూసుకో" అని హెచ్చరించేలా రాశాం. ఆరో తరగతి పిల్లోడొకడు మొన్న దాన్ని ఓడించి, "దీనికి గుర్రం ఎట్టా దూకాలో చెప్పింది ఎవరన్నా?" అని అడిగాడు. మేమే చెప్పామన్నాం. "మరి మీకెవరు చెప్పారు?" అన్నాడు. లిస్టు తీసి చూపించాం.

ఊత కోడ్ మొత్తం జీపీఎల్ కింద పెడుతున్నాం. ఎవరికి కావాలన్నా కింద అడగండి, పంపిస్తాం. తీసుకోండి, మార్చండి, మాకంటే బాగా చేయండి. మీ జిల్లా మాటల్లో మాట్లాడించండి. పేరు మాత్రం చెరపొద్దు. మా ముగ్గురి పేర్లే కాదు, మా కంటే ముందున్న వాళ్లందరివీ.

జై ఆదివాసీ.